ఇరవై రెండు మాటల ప్రార్థన

క్రిందటి నెల మన సంఘం సమావేశం ముగిసి అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, ఈ మధ్యే ఈ ఊరికి వచ్చిన ఒక అమ్మాయి నన్నొక సందేహం అడిగింది. ఆమె కొడుకు మూడవ తరగతి. డిసెంబరు కచేరీకని బడిలో రోజూ ఏసు పుట్టుక పాటలు నేర్పుతున్నారట. పాడటం వరకు ఫరవాలేదుగాని, పాట అయిపోగానే పిల్లలందరినీ తల వంచుకొని ఒక నిమిషం నిలబడమంటున్నదట టీచరు. "చీటీ వ్రాయమంటారా అంకుల్? వ్రాస్తే మావాణ్ణి వేరుగా చూస్తారేమో" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. అన్ని సలహాల సారమూ ఒకటే: చూసీ చూడనట్టు ఊరుకోమ్మా అని.

దాదాపు యాభై ఏళ్ళ క్రితం నేనూ అలాగే ఊరుకున్నాను. ఆ సంగతి ఆవేళ చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ వ్రాస్తున్నాను.

1978లో మా అమ్మాయి రెండవ తరగతి చదువుతున్నది. ఊరి పేరూ బడి పేరూ అనవసరం. మధ్యాహ్న భోజనానికి ముందు ఆ టీచరు పిల్లల చేత చేతులు జోడింపించి ఒక చిన్న ప్రార్థన చెప్పించేది. చివర ఏసు నామం ఉండేది. మా అమ్మాయి దాన్ని ఇంటికి తెచ్చి, రాత్రి అన్నాల దగ్గర కూడా చెప్పడం మొదలుపెట్టింది. గుడివాడ నుంచి వచ్చి ఆ ఏడు మా దగ్గరే ఉన్న మా అమ్మ చాలా సంతోషించింది. "మీరెవరూ చెయ్యని పని అది చేస్తున్నది, అన్నానికి దణ్ణం పెట్టుకుంటున్నది" అన్నది. ఒకనాటి రాత్రి పిల్ల నన్ను మెల్లిగా అడిగింది: "నాన్నా, చివర పేరు వచ్చినప్పుడు నేను లోపల వెంకటేశ్వరస్వామి అనుకుంటున్నాను. అది టీచరుతో అబద్ధం చెప్పినట్టా?" నేను నవ్వి, "ఏ పేరైనా ఒకటేనమ్మా, పడుకో" అన్నాను.

నాకు అది పెద్ద విషయంగా తోచకపోవడానికి కారణముంది. నేను చదివింది కోస్తాలో ఒక మిషను హైస్కూలు. వారానికి రెండు బైబిలు పీరియడ్లు ఉండేవి. ఒక ఏడు బైబిలు పరీక్షలో మొదటి బహుమతి నాకే వచ్చింది. సంధ్యావందనం తప్పని మా నాన్నగారు ఆ బహుమతి పుస్తకాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఇంగ్లీషు వస్తున్నది గదా, మిగతాది ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యి అన్నది ఆయన సిద్ధాంతం. నేను అదే సిద్ధాంతాన్ని సముద్రం దాటించి తెచ్చుకున్నాను.

నెల తిరక్కుండా ఆ ప్రార్థన ఆగిపోయింది. నేనేమీ చెయ్యలేదు. అదే క్లాసులో ఒక యూదుల కుర్రవాడుండేవాడు, వాళ్ళమ్మ చీటీ వ్రాసిందని తరువాత తెలిసింది. అప్పుడు నాకు కలిగిన భావం, నిజం చెప్పాలంటే, పోనీలే ఎవరో ఒకరు వ్రాశారన్న నిశ్చింత మాత్రమే. ఆ కథలో మిగతా సగం మా అమ్మాయి నాకు ముప్పై ఏళ్ళు పోయాక చెప్పింది. ప్రార్థన మాన్పించింది వాడేనని క్లాసంతటికీ తెలిసిపోయి, కొన్ని వారాలపాటు ఆటల వేళ వాణ్ణి ఎవరూ చేర్చుకోలేదట. "నేను కూడా ఆడలేదు నాన్నా" అన్నది.

ఆ మాట విన్నాక, బడిలో జరిగే పని తమ మతానికి సరిపడదని చెప్పిన తల్లిదండ్రుల చరిత్ర ఈ దేశంలో ఏమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ మనం ఎవరికి ఎంత బాకీ ఉన్నామో తెలిసివచ్చింది.

ఈ తగాదా హిందువులతోనో ముసల్మానులతోనో మొదలు కాలేదు. క్రైస్తవులకూ క్రైస్తవులకూ మధ్య మొదలయింది. పందొమ్మిదవ శతాబ్దం నడుమ ఐర్లండు నుంచి కాథలిక్కులు వేలకు వేలుగా వచ్చి పడ్డారు. ఇక్కడి బడుల్లో రోజూ చదివించేది ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిలు. కాథలిక్కులకు డుయే బైబిలు వేరే ఉన్నది. ఫిలడెల్ఫియా బిషప్పు ఫ్రాన్సిస్ కెన్రిక్ 1842లో బడుల పాలకమండలికి ఒక విన్నపం వ్రాశాడు. బైబిలు చదువు మానమని కాదు, మా పిల్లలను మా బైబిలు చదువుకోనివ్వండి అని. మండలి 1843 జనవరిలో కొంతవరకు ఒప్పుకున్నది. అయితే ఊళ్ళో పుకారు వేరుగా పాకింది. పోపు మనుషులు బడి నుంచి బైబిలును గెంటివేస్తున్నారని. 1844 మే నెలలో కెన్సింగ్టన్ పేటలో అల్లర్లు చెలరేగి రెండు కాథలిక్ చర్చీలు కాలిపోయాయి. జూలైలో మళ్ళీ రేగాయి. రెండు విడతల్లో కలిపి ఇరవైమందికి తక్కువ కాకుండా చచ్చిపోయారు. ఒక విన్నపానికి అంత మూల్యం.

చిత్రమేమంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1843 నవంబరులో, రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ మన మచిలీపట్నంలో ఇంగ్లీషు బడి పెట్టాడు. నోబుల్ కాలేజీకి అదే మొదలు. అక్కడా పెద్ద కులాల తండ్రులు ఇంగ్లీషు కోసం పిల్లలను పంపి, రోజువారీ బైబిలు పాఠాన్ని సహించారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్టిస్మం పుచ్చుకోగానే తండ్రులంతా పిల్లలను మాన్పించారు. బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్ళీ నిండింది. మనవాళ్ళ పద్ధతి అదే. బడిని మార్చమని అడగలేదు. మాన్పించారు, తరువాత మళ్ళీ పంపించారు. అది విదేశీ మిషను సొంత బడి గనుక అడిగే హక్కు తమకు ఉన్నదని తోచి ఉండదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 28వ అధికరణం చేర్చుకున్నాం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదు, ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే సంస్థల్లో మతబోధకు గాని ప్రార్థనకు గాని రమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదు, పిల్లలైతే సంరక్షకుల సమ్మతి ఉండాలి. నేను బైబిలు పరీక్ష వ్రాసిన ఏడు ఆ అధికరణం అమలులోనే ఉన్నది. మా నాన్నగారికి ఆ సంగతి తెలియదు. తెలిసినా బహుమతి వద్దనేవారు కారేమో.

మళ్ళీ అమెరికాకు వస్తాను. 1859లో బోస్టన్ ఇలియట్ స్కూల్లో థామస్ వాల్ అనే కాథలిక్ కుర్రవాడు, పదో పదకొండో ఏళ్ళవాడు, పది ఆజ్ఞలను ప్రొటెస్టెంట్ పాఠంలో అప్పచెప్పనన్నాడు. విగ్రహాలు చేయరాదన్నది ప్రొటెస్టెంట్లకు విడిగా రెండవ ఆజ్ఞ, కాథలిక్కులు దాన్ని మొదటిదానిలోనే కలిపి లెక్కిస్తారు. మనకు ఇది వట్టి లెక్కల తేడాగా కనిపిస్తుంది. ఆ కుర్రవాడికి అట్లా కనబడలేదు. టీచరు బెత్తం తీసుకొని అరగంట సేపు అరచేతుల మీద కొట్టాడు. కోర్టుకు వెళితే టీచరుది తప్పు లేదన్నారు. వందల సంఖ్యలో కాథలిక్ పిల్లలు ఆ బడి వదిలిపోయారు. ఈ దేశంలో ఊరూరా కాథలిక్కుల సొంత బడులు ఎందుకున్నాయో తెలియాలంటే ఇటువంటి కథలు కొన్ని గుర్తుంచుకోవాలి.

ప్రార్థన తరువాత జెండా. ఇప్పుడు మన పిల్లలు గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పే ప్రతిజ్ఞ 1892లో వ్రాసినది. "దేవుని అండన" అన్న అర్థంవచ్చే మాట అందులో 1954 వరకు లేదు. మొదట్లో చెయ్యి గుండెమీద కాదు, జెండావైపు చాచేవారు. హిట్లరు వందనానికీ దానికీ పోలిక మరీ ఎక్కువైందని 1942 డిసెంబరులో కాంగ్రెసు మార్పించింది. యెహోవా సాక్షులు అనే శాఖవారు జెండాకు వందనం చేయడం విగ్రహారాధనతో సమానమంటారు. పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గర మైనర్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో, 1935లో, ఒక కిరాణా కొట్టువాడి పిల్లలిద్దరు చెయ్యి ఎత్తలేదు. బడి నుంచి తీసివేశారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1940 జూన్ 3న ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపుగా పిల్లలకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఆ తీర్పు వ్రాసినది ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. వియన్నాలో పుట్టి, ఇంగ్లీషు ముక్క రాకుండా 12 ఏళ్ళ వయస్సులో న్యూయార్కులో దిగిన యూదుడు. ఆయనను మనిషిని చేసింది ఇక్కడి బడి. పరదేశం నుంచి వచ్చి ఈ బడులవల్ల పైకి వచ్చినవాడికి జెండా దగ్గర మొండికేసే పిల్లలను చూస్తే ఏమనిపిస్తుందో నాకు తెలుసు. 1978లో నాకూ అదే అనిపించి ఉంటుంది.

ఆ తీర్పు వెలువడిన రోజుల్లోనే అనేక ఊళ్ళలో యెహోవా సాక్షుల మీద దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రం కెన్నెబంక్‌లో వాళ్ళ ప్రార్థనా మందిరం తగులబెట్టారు. కోర్టు మూడేళ్ళలోనే తన మాట తానే తిప్పుకున్నది. వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన బార్నెట్ కేసులో 1943 జూన్ 14న, సరిగ్గా జెండా పండుగ నాడు, ఆరుగురు ముగ్గురుగా తీర్పు చెప్పింది. న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ అందులో చెప్పిన దాని తాత్పర్యం ఇది: అల్ప విషయాలలో మాత్రమే భేదించవచ్చునంటే అది స్వేచ్ఛ నీడే గాని స్వేచ్ఛ కాదు. ఫ్రాంక్‌ఫర్టర్ మాత్రం పట్టిన పట్టు వదలలేదు.

ఈ జాక్సన్ తీర్పు 43 ఏళ్ళ తరువాత మన దేశంలో ఒక తెలుగువాడి చేతికి వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు, పదవ తరగతి, తొమ్మిదవ తరగతి, అయిదవ తరగతి చదువుతున్న అన్నాచెల్లెళ్ళు, అదే శాఖవారు. జనగణమన పాడేటప్పుడు అందరితోపాటు లేచి వినయంగా నిలబడేవారు, పాడేవారు కారు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడు చూసి సభలో అడిగేసరికి గొడవయింది. 1985 జూలైలో బడి నుంచి తీసివేశారు. హైకోర్టులో తండ్రి ఓడిపోయాడు. సుప్రీంకోర్టులో 1986 ఆగస్టు 11న తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళినవారు. మైనర్స్‌విల్ కేసునూ బార్నెట్ కేసునూ ఎదురుగా పెట్టుకొని పిల్లలను తిరిగి చేర్చుకోమన్నారు. ఒక నమ్మకం మన బుద్ధికి సబబుగా ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు, దాన్ని వాళ్ళు నిజంగా, మనస్సాక్షిగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అన్నారు. సహనం మన సంప్రదాయం నేర్పినదే, దాన్ని పలుచన చేసుకోవద్దన్నారు. వెస్ట్ వర్జీనియా కొండల్లో పుట్టిన తగాదా కేరళ పల్లెకు ఒక తెలుగు న్యాయమూర్తి చేతిమీదుగా చేరిందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు మన పిల్లల క్లాసు గదికి దగ్గరగా వచ్చే రెండు కేసులు.

న్యూయార్కు రాష్ట్ర విద్యామండలి 1951లో స్వయంగా ఒక ప్రార్థన తయారుచేసింది. ఇంగ్లీషులో సరిగ్గా 22 మాటలు. ఏ మతం దేవుడి పేరూ అందులో లేదు. సర్వశక్తిమంతుడా, నీమీద ఆధారపడి ఉన్నాము, మమ్మల్నీ మా తల్లిదండ్రులనూ ఉపాధ్యాయులనూ దేశాన్నీ దీవించు అని దాని భావం. ఎవరికీ నొప్పి తగలకుండా కొలిచి కోసినట్టుంటుంది. లాంగ్ ఐలండ్‌లోని న్యూ హైడ్ పార్కులో 1958లో బడులు దాన్ని పొద్దున్నే చెప్పించడం మొదలుపెట్టాయి. ఇష్టం లేనివాళ్ళు చీటీ ఇచ్చి మానవచ్చు. అయిదు కుటుంబాలవారు కోర్టుకెక్కారు. వాళ్ళలో యూదులున్నారు, యూనిటేరియన్ ఉన్నాడు, దేవుణ్ణి నమ్మనివాడున్నాడు. ఎంగెల్ అనే ఆయన పేరు ముందుండబట్టి దానికి ఎంగెల్ కేసని పేరు.

మనలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ ప్రార్థనలో తప్పేముంది అంటారు. దేవుడొక్కడే, పేర్లు వేరని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం. నేనూ పిల్లకు చెప్పింది అదే గదా. 1962 జూన్ 25న తీర్పు వ్రాసిన న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ అసలు ఆ దారినే పోలేదు. ప్రార్థన మంచిదా చెడ్డదా అని చూడలేదు. ప్రజలు ఏమని ప్రార్థించాలో వ్రాసిపెట్టడం ప్రభుత్వం పని కాదన్నాడు. ఇంగ్లండులో పార్లమెంటు ఆమోదించిన ప్రార్థన పుస్తకం బాధ పడలేకనే గదా మొదటి వలసవాళ్ళలో అనేకులు ఈ దేశానికి వచ్చారని గుర్తుచేశాడు. ఒక్క స్టూవర్టు మాత్రం విభేదించాడు. దేశమంతటా గగ్గోలు పుట్టింది. ఆ కుటుంబాలకు బెదిరింపు ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు వచ్చాయి. అధ్యక్షుడు కెన్నెడీని విలేఖరులు అడిగితే, దీనికి సులభమైన మందున్నది, ఇళ్ళల్లో ఇంకొంచెం ఎక్కువగా ప్రార్థన చేసుకుందాం అన్న ధోరణిలో జవాబు చెప్పాడు.

రెండవ కేసు పెన్సిల్వేనియాలో అబింగ్టన్‌ది. ఆ రాష్ట్రంలో రోజూ బైబిలు నుంచి పది వాక్యాలు వ్యాఖ్యానం లేకుండా చదవాలని చట్టం. 1956 నవంబరులో ఎలరీ షెంప్ అనే 16 ఏళ్ళ విద్యార్థి ఆ సమయంలో స్నేహితుడి ఇంటి నుంచి తెచ్చుకున్న ఖురాను తెరిచి మౌనంగా చదువుకుంటూ కూర్చున్నాడు. తరువాతి ప్రార్థనకు లేవలేదు. ప్రిన్సిపాలు గదికి పంపించారు. అతను ఇంటికి వెళ్ళి పౌరహక్కుల సంఘానికి ఒక ఉత్తరం వ్రాసి, అందులో పది డాలర్లు పెట్టి పంపాడు. చదువుల విషయంలో మన ఇళ్ళల్లో ఉండే భయాలు తెలిసినవాణ్ణి గనుక ఇది కూడా చెబుతున్నాను: అతను చేరదలచిన యూనివర్సిటీకి ఆ ప్రిన్సిపాలు అతనికి వ్యతిరేకంగా ఉత్తరం వ్రాశాడు. అయినా సీటు వచ్చింది. తరువాత భౌతిక శాస్త్రవేత్త అయ్యాడు.

కేసు నడుస్తుండగా రాష్ట్రం చట్టాన్ని సవరించింది. తల్లిదండ్రులు చీటీ ఇస్తే పిల్లవాణ్ణి బయటికి పంపిస్తామన్నది. ఇక గొడవేముంది అని మనవాళ్ళమైతే సంతోషంగా ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ తండ్రి ఎడ్వర్డ్ షెంప్ ఒప్పుకోలేదు. కోర్టులో ఆయన చెప్పిన కారణాలు చదివినప్పుడు నాకు మా అమ్మాయి క్లాసులోని ఆ కుర్రవాడు కళ్ళముందు నిలబడ్డాడు. నా పిల్లలను వింతజంతువుల్లా చూస్తారు. దేవుణ్ణి నమ్మనివాళ్ళంటారు, నమ్మనివాళ్ళంటే ఈ దేశంలో కమ్యూనిస్టులనే అర్థం. ప్రార్థన అయిన వెంటనే చెప్పే బడి విశేషాలు వాళ్ళకు వినపడవు. వరండాలో నిలబడాల్సి వస్తుంది, వరండాలో నిలబెట్టడం తప్పు చేసిన పిల్లలకు వేసే శిక్ష. ఇవీ ఆ తండ్రి మాటల సారాంశం. 1963 జూన్ 17న ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఆయనతో ఏకీభవించారు. బైబిలును సాహిత్యంగా, చరిత్రగా చెప్పుకోవచ్చు, ఆరాధనగా చేయించరాదు అన్నది న్యాయమూర్తి టామ్ క్లార్క్ గీసిన గీత. మొదట చెప్పిన అమ్మాయి సందేహానికి జవాబు ఆ గీతలోనే ఉన్నది. 1980లో సౌత్ డకోటా సూ ఫాల్స్ బడుల కేసులో కూడా క్రిస్మసు పాటలు కచేరీలో భాగంగా పాడవచ్చునన్నారు. పాట వేరు, తల వంచుకొని నిలబడటం వేరు.

ఇక్కడ తేదీలు కొంచెం గమనించండి. షెంప్ తీర్పు 1963. మనబోటివాళ్ళకు ఈ దేశం తలుపులు తెరిచిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసినది 1965 అక్టోబరు 3. ఆ తరువాతనే గదా మన డాక్టర్లు, ఇంజనీర్లు బయలుదేరింది. మనం సామాన్లు సర్దుకోక మునుపే, మన పిల్లలు కూర్చోబోయే గదుల్లో ప్రార్థన చట్టప్రకారం ఆగిపోయింది. తిట్లు తిన్నది వేరేవాళ్ళు. పాత అలవాటు కొన్ని గదుల్లో పోలేదు గనుక 1978లో ఇంకొక తల్లి చీటీ వ్రాయవలసి వచ్చింది.

ఇంతవరకు మనం నొచ్చుకునేవైపున ఉన్నాము. మన పూజవల్ల నొచ్చుకొన్నవాళ్ళ కథ కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

1975–76లో న్యూజెర్సీలో అయిదు ప్రభుత్వ హైస్కూళ్ళలో మహర్షి మహేశ్ యోగి గారి ధ్యానాన్ని ఒక పాఠ్యాంశంగా పెట్టారు. సృజనాత్మక మేధస్సు శాస్త్రమని దాని పేరు. కొంత ఫెడరల్ ప్రభుత్వ ధనం కూడా దొరికింది. విద్యార్థికి మంత్రం ఇవ్వడానికి ఒక ఆదివారం బడి బయట ఒక చోటికి రమ్మనేవారు. పళ్ళూ పూలూ ఒక తెల్ల చేతిరుమాలూ తెచ్చుకోవాలి, చెప్పులు బయట విడవాలి. లోపల మహర్షి గురువుగారైన బ్రహ్మానంద సరస్వతి స్వామివారి పటం, దాని ముందు దీపం, అగరువత్తులు. టీచరు సంస్కృతంలో పూజ చేసేవాడు. ఏమి జరుగుతున్నదో ఆ పిల్లలకు అర్థమయ్యేది కాదు. మన ఇళ్ళల్లో ఎనిమిదేళ్ళ పిల్లకైనా గడపలోనే అర్థమైపోయి ఉండేది.

కొందరు తల్లిదండ్రులు 1976లో దావా వేశారు. ఇది మతం కాదు, కృతజ్ఞత తెలుపుకునే వేడుక మాత్రమేనని అవతలివైపు వాదించారు. జడ్జి పూజ శ్లోకాలకు ఇంగ్లీషు అనువాదం తెప్పించుకొని చదివాడు. పటంలోని గురువును సాక్షాత్తు దేవుడుగా సంబోధిస్తూ ఉపచారాలు చేస్తుంటే మతం కాదంటారేమిటన్నాడు. 1977లో ఆ తీర్పు, 1979 ఫిబ్రవరిలో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ రోజుల్లో మన స్నేహితుల ఇళ్ళల్లో దీనిమీద చాలా కోపం వినిపించేది. మన సంస్కృతిని అవమానించారని. నేనూ ఊఁ కొట్టాను. ఇప్పుడాలోచిస్తే, పూజను పూజ అన్నది ఆ జడ్జి. కాదన్నది మనవైపు అనుకున్నవాళ్ళు. బడిలో చోటు దొరకడం కోసం షోడశోపచారాలను వట్టి మర్యాద అని చెప్పుకోవడంకంటె, ఇది మా పూజ, దీని చోటు ఇల్లూ గుడీ అని చెప్పుకోవడమే నాకు గౌరవంగా కనిపిస్తున్నది.

ఆ తరువాత యోగాసనాలకూ ఇదే పరీక్ష వచ్చింది. కాలిఫోర్నియా ఎన్సినీటస్‌లో ఒక కుటుంబం వేసిన కేసులో 2015లో పై కోర్టు యోగాను ఉండనిచ్చింది. అయితే అప్పటికే బడివాళ్ళు సంస్కృతం పేర్లన్నీ తీసివేశారు. పద్మాసనానికి చిన్నపిల్లలు బాసింపట్టుకు వాడే ఆటపేరు పెట్టారు. అలబామా రాష్ట్రం 1993 నుంచి బడుల్లో యోగాను నిషేధించి 2021లో అనుమతించింది. ఆసనాల పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలి, మంత్రాలు కూడదు, నమస్తే అనరాదు. నమస్కారం మీద నిషేధమంటే నవ్వు వచ్చింది, కొంచెం బాధా కలిగింది.

2025 జూన్ 27న సుప్రీంకోర్టు మేరీలాండ్ తల్లిదండ్రుల కేసులో మరొక అడుగు వేసింది. కథల పుస్తకాలలోని స్వలింగ సంబంధాల, లింగ గుర్తింపు విషయాలు తమ మతానికి సరిపడవని, ఆ పాఠాల వేళ తమ పిల్లలను విడిచిపెట్టమని ముస్లిం, కాథలిక్, ఆర్థొడాక్స్ కుటుంబాలు అడిగితే, ఆరుగురు ముగ్గురుగా వాళ్ళకు అనుకూలించింది. షెంప్ గారు వద్దన్న చీటీనే వీళ్ళు కావాలన్నారు. ఆయన కాలంలో కోర్టు ఆ పనినే అందరికీ మాన్పించింది. ఇప్పుడు పాఠం పాఠంగానే ఉంటుంది, వద్దన్న పిల్లవాడు లేచి వెళ్ళవచ్చు. దీని మంచిచెడ్డల మీద మన సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి, అది మరొకసారి మాట్లాడుకోవచ్చు. నాకు మాత్రం లేచి వెళ్ళే పిల్లవాడి మీదికే దృష్టి పోతుంది.

కారణం మా ఇంట్లో జరిగిన మరొక సంగతి. కొన్నేళ్ళ క్రితం మా మనవరాలి క్లాసులో దీపావళి గురించి చెప్పమని టీచరు మా అమ్మాయిని పిలిచింది. పట్టుచీర కట్టుకొని, వెండి కుందులు, లక్ష్మీదేవి పటం, ఒక పళ్ళెం నిండా లడ్లు తీసుకొని వెళ్ళింది. పటం ముందు దీపం పెట్టడానికి వీల్లేదన్నారు, నిప్పు కూడదు గనుక, బ్యాటరీ దీపాలు వెలిగించింది. పిల్లలందరి చేతా ఒక శ్లోకం పలికించి, చేతులు జోడించి దణ్ణం ఎట్లా పెట్టాలో చేయించింది. సాయంత్రం ఫోనులో చాలా కోపంగా ఉన్నది. ఎవరో తల్లిదండ్రులు ముందురోజే చీటీ వ్రాసి పంపారట, మా పిల్లవాడిని ఆ అరగంటసేపు క్లాసులో ఉంచవద్దని. వాణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టారు. "వీళ్ళకు ఎంత ద్వేషమో చూడు నాన్నా" అన్నది.

నేను వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, 1978లో చీటీ వ్రాసినావిడ పేరు నీకు గుర్తున్నదా అని అడిగాను. అవతల చాలాసేపు మాట వినపడలేదు. "ఆమె పేరు గుర్తులేదు. వాడి పేరు గుర్తున్నది" అన్నది.

మరుసటి ఏడు కూడా పిలిచారు. ఈసారి లక్ష్మీదేవి కథ కథగా చెప్పింది. నరకాసురుడి కథ కూడా చెప్పింది. శ్లోకం చెప్పించలేదు, దణ్ణం పెట్టించలేదు. ఏమేమి చెయ్యబోతున్నదో ముందుగానే ఒక కాగితం మీద వ్రాసి టీచరు ద్వారా ఇళ్ళకు పంపింది. ఆ పిల్లవాడు లైబ్రరీకి వెళ్ళలేదు. ముందు వరుసలో కూర్చొని, సత్యభామ బాణం వేసిందా లేక కృష్ణుడు వేశాడా అని రెండుసార్లు అడిగి, ఇంటికి తీసుకెళ్ళడానికి ఇంకొక లడ్డు పొట్లం కట్టించుకున్నాడట.